మంగళవారం తగ్గే నొప్పి: రాళ్లెక్కే కుర్రాడి మోచేయి, ఒక కేసు

గత జనవరి, సంక్రాంతి వెళ్లిన వారం. సాయంత్రం ఆరున్నరకు చివరి పేషెంటుగా వచ్చాడు. వయసు 24, కుడిచేతివాటం. కూర్చోగానే చొక్కా చేయి మడిచి, ఎడమ బొటనవేలితో కుడి మోచేతి లోపలివైపు ఎముక బుడిపె కింద నొక్కి, "ఇక్కడ మేడమ్, ఇంకెక్కడా కాదు" అన్నాడు. ఒక్క వేలితో చోటు చూపించారంటే నాకు సగం పని తేలిక. అరచేత్తో చేయంతా నిమిరి చూపించేవాళ్ల దగ్గరే ఎక్కువసేపు పడుతుంది.

విశాఖపట్నంలో ఫిజియోథెరపీ క్లినిక్ నడుపుతున్నాను. ఈ కేసు రాయడానికి అతనూ, ఇంట్లోవాళ్లూ ఒప్పుకున్నారు. పేరు, వీధి, గుర్తుపట్టగలిగే మరికొన్ని సంగతులు తీసేశాను. మిగిలింది నా కాగితాల్లో ఉన్నదే, నా పొరపాటుతో సహా.

క్లైంబింగ్‌ను ఒలింపిక్స్‌లో మొదటిసారి చేర్చింది టోక్యోలో, 2021లో. అది టీవీలో చూసి రాళ్ల వెంట పడ్డవాళ్లలో ఇతనొకడు. డాబా మీద ఏటవాలుగా ప్లైవుడ్ బిగించి, దానికి తనే చెక్కిన చెక్క పట్లు తగిలించుకున్నాడు. వారంలో రెండు మూడు సాయంత్రాలు ఆ బోర్డు మీద, వీలు దొరికితే ఊరి చుట్టూ కొండల్లో రాళ్ల మీద. గురువు లేడు, ఫోనులో చూసి నేర్చుకున్నాడు.

నొప్పి ఎప్పుడు మొదలైందంటే "సెప్టెంబరు అనుకుంటాను" అన్నాడు. ఆ 'అనుకుంటాను' నాకు కావలసిన మాట. తేదీ, వేళ, ఎక్కుతున్న రాయితో సహా చెప్పే గాయం వేరు. టప్పుమని శబ్దం వచ్చింది, మర్నాటికి కమిలిపోయింది అంటే నేను వ్యాయామాల మాట ఎత్తను. అది మోచేతి ముందు మడతలో అయితే బైసెప్స్ (చేతి పైభాగంలో ముందున్న కండ) కింది టెండన్, అంటే కండరాన్ని ఎముకకు కట్టే తాడు, తెగిందేమో చూడమని అదే రోజు ఆర్థోపెడిక్ సర్జన్ దగ్గరికి పంపిస్తాను. పూర్తిగా తెగిన టెండన్‌ను మొదటి రెండు మూడు వారాల్లో కుట్టడమే సులువు, ఆలస్యమైతే అది పైకి ముడుచుకుపోతుంది. ఇతనిది అలాంటిది కాదు. నెలల మీద మెల్లగా పేరుకున్నది.

నవంబరులో ఒకచోట మోచేతికి స్టెరాయిడ్ ఇంజక్షన్ చేయించుకున్నాడు. అయిదు వారాలు నొప్పి మాయం. ఆ ధైర్యంతో డిసెంబరులో స్నేహితులతో హంపి వెళ్లి, గ్రానైట్ గుండ్ల మీద ఆరు రోజులు ఎక్కాలనుకున్నాడు. నాలుగో రోజుకే బ్యాగు జిప్పు లాగలేకపోయాడు.

పరీక్షకు వస్తాను. ఆ లోపలి బుడిపెను మీడియల్ ఎపికాండైల్ అంటారు. మణికట్టును మడిచే కండరాలు, అరచేతిని కిందికి తిప్పే కండరం, వేళ్లను మడిచే కండరాల్లో ఒకటి, ఇవన్నీ అక్కడి నుంచే బయలుదేరతాయి. ఇక్కడ ఇన్ని కండరాలకూ కలిపి ఒకే టెండన్. బుడిపెకు ఒక సెంటీమీటరు లోపు కిందగా, కాస్త ముందుకు నొక్కితే ఉలిక్కిపడ్డాడు. మోచేయి చాచి, మణికట్టును నా చేతికి ఎదురు మడవమంటే నొప్పి పదికి ఆరు. అరచేతిని కిందికి తిప్పమని నేను ఎదురు పడితే పదికి ఏడు.

ఈ రెండోది రాళ్లెక్కేవాళ్లలో ఎక్కువ ఉండటానికి కారణం ఉంది. రాయి పట్టుకున్నప్పుడు అరచేయి రాయివైపే ఉండాలి. ఒంటిని పైకి లాగేటప్పుడు బైసెప్స్ మోచేతిని మడవడంతో ఆగదు, అరచేతిని మన ముఖంవైపు తిప్పబోతుంది కూడా. ఆ తిప్పడాన్ని ఆపుతూ అరచేతిని రాతికే అంటించి ఉంచే భారం ఎక్కువగా ప్రొనేటర్ టెరీస్ అనే చిన్న కండరం మీద పడుతుంది. జన్మలో గోల్ఫ్ కర్ర ముట్టని కుర్రాడికి గోల్ఫర్స్ ఎల్బో అనే ఈ లోపలివైపు నొప్పి రావడం ఇలాగే.

పిడికిలి బలం కొలిచే డైనమోమీటరు ఇచ్చి, నొప్పి తలెత్తేదాకా మాత్రమే పిండమన్నాను. కుడి 26 కిలోలు, ఎడమ 48. కేసు పొడుగునా నేను వెంబడించిన అంకె ఇదే. నొప్పి ఎంత అని అడిగితే మనుషులు ఆ రోజు మనసును బట్టి చెబుతారు. పిడికిలి అంత తొందరగా మొహమాటపడదు.

మిగతావి కొట్టేసుకుంటూ వెళ్లాను. మోచేతిని పక్కకు ఒత్తి పట్టి మడుస్తూ చాస్తూ చూస్తే నొప్పి లేదు, అంటే లోపలివైపు ఎముకనూ ఎముకనూ కట్టే లిగమెంటు బాగానే ఉంది. ఉంగరపు వేలు, చిటికెన వేలు తిమ్మిరెక్కడం లేదు. ఆ రెండు వేళ్లకూ వెళ్లే అల్నార్ నరం ఆ బుడిపె వెనక గాడిలోంచే పోతుంది, మోచేయి గడపకు తగిలితే కరెంటు కొట్టినట్టు జివ్వుమనేది అదే. మెడను వెనక్కీ పక్కకూ వంచి నొక్కినా చేతిలోకి నొప్పి ఏమీ దిగలేదు, అంటే మెడ నుంచి వస్తున్నది కాదు. తెచ్చుకున్న ఎక్స్-రే మామూలుగా ఉంది. అల్ట్రాసౌండ్‌లో టెండన్ మొదలు ఉబ్బి, నల్లబారి కనిపించింది, తెగిన చోటు లేదు.

ఇలాంటి దాన్ని వాపు అనే అందరూ అంటారు, మందుల చీటీల్లో కూడా అలాగే రాస్తారు. నెలలు గడిచిన టెండన్‌లో వాపు పెద్దగా ఉండదు. మన చేపల రేవులో బోట్లు కట్టే తాళ్లు చూడండి. ఏళ్ల తరబడి ఒకేచోట ఒరుసుకున్న తాడు తెగకముందే పురి విడిపోయి, ఆ చోట లావుగా, మెత్తగా అవుతుంది. లోపలి నారలు వరస తప్పుతాయి. ఇతని టెండన్ అలాంటిదే. తేడా ఏమిటంటే తాడు తనంతట తాను మళ్లీ పురి వేసుకోలేదు. టెండన్ వేసుకోగలదు, కాకపోతే సరిపడా బరువు పడితేనే.

ఇంజక్షన్ గురించి ఒక మాట. 2013లో జామా అనే వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనంలో మోచేతి బయటివైపు నొప్పి ఉన్న 165 మందిని ఏడాది పాటు గమనించారు. స్టెరాయిడ్ తీసుకున్నవాళ్లలో ఏడాదికి బాగుపడ్డవాళ్లు 83 శాతం, ఉత్తుత్తి ఇంజక్షన్ తీసుకున్నవాళ్లలో 96 శాతం. నొప్పి తిరగబెట్టింది మొదటి జట్టులో 54 శాతానికి, రెండో జట్టులో 12 శాతానికి. అది బయటివైపు నొప్పి, ఇది లోపలివైపు. అయినా ఇతని కథ అచ్చం ఆ దారిలోనే నడిచింది: తొందరగా తగ్గింది, తగ్గిందని ఎక్కాడు, ఎక్కి ఇంకా పాడుచేసుకున్నాడు.

ఇక నా పొరపాటు.

కేసు షీటులో వృత్తి అని ఒక గడి ఉంటుంది. ఏం చేస్తావని అడిగితే "సొంత వ్యాపారం మేడమ్" అన్నాడు. ఆ రెండు మాటలూ రాసుకుని ముందుకెళ్లిపోయాను. నా ఊహలో గల్లాపెట్టె ముందు కూర్చున్న కుర్రాడు కనిపించాడు. రాళ్లెక్కేవాడు మోచేయి పట్టుకుని వచ్చాడు, కారణం కళ్లెదుటే ఉంది, ఇంకేం వెతకాలి అనుకున్నాను.

మూడు వారాలు క్లైంబింగ్ పూర్తిగా ఆపమన్నాను. మణికట్టును కదలకుండా బిగబట్టే వ్యాయామం ఇచ్చాను: బరువు పట్టుకుని 45 సెకన్లు, అయిదుసార్లు, రోజూ. ఒక కాగితం గీసి ఇచ్చాను. తేదీ, క్లైంబింగ్ ఎన్ని నిమిషాలు, పొద్దున నొప్పి, రాత్రి నొప్పి. నాలుగే గళ్లు.

మంచి కుర్రాడు, ఒక్క రోజు తప్పకుండా నింపాడు. 21 రోజులూ క్లైంబింగ్ గడిలో సున్నా. మూడు వారాల తర్వాత పిండమంటే 27 కిలోలు. ఒక్క కిలో పెరగడం కొలతలో వచ్చే తేడా కిందే లెక్క. "మానేసినా తగ్గలేదు మేడమ్. మళ్లీ ఇంజక్షన్ వేయించుకోమంటారా?" అని అడిగాడు. జవాబు వెతుక్కుంటూ ఆ కాగితాన్నే మళ్లీ చూశాను.

పొద్దున నొప్పి గడిలో అంకెలు ఇలా ఉన్నాయి: 5, 5, 6, 6, 7, 6, 3. మరుసటి వారం కూడా దాదాపు అంతే. మూడో వారమూ అంతే. ప్రతి మంగళవారం పొద్దున 3కు దిగి, బుధవారానికి మళ్లీ ఎక్కి, ఆదివారానికి 7 అవుతోంది. సున్నాలు పెట్టిన గడి పక్కనే ఇంత నియమంగా అలలు లేస్తుంటే మొదటి రెండు వారాలూ అతను పంపిన ఫొటోల్లో నేను చూసింది సున్నాలనే.

"సోమవారం ఏం చేస్తావు?"

"ఏమీ చేయను మేడమ్. సోమవారం కొట్టు ఉండదు."

ఆ రోజు తన మోకాలు చూపించుకుందామని వాళ్లమ్మ కూడా వెంట వచ్చారు. ఆమె కల్పించుకున్నారు. "టిఫిన్ కొట్టమ్మా మాది. పొద్దున నాలుగింటికి లేచి పెనం దగ్గర నిలబడేది వీడే. ఆదివారం రాత్రి చేయి పట్టుకుని కూర్చుంటాడు. అడిగితే రాయి ఎక్కినందుకు అంటాడు. మూడు వారాలుగా ఏ రాయీ ఎక్కలేదు కదా అని నేనే అనుకుంటున్నాను." ఆమెను మొదటి రోజే అడిగి ఉంటే మూడు వారాలు మిగిలేవి.

మరుసటి శనివారం పొద్దున అయిదున్నరకు వాళ్ల కొట్టుకు వెళ్లాను. క్లినిక్‌కు అయిదారు సందుల అవతలే. ఒక మూల నిలబడి చూశాను.

నాలుగున్నరకే కొబ్బరికాయల పని మొదలైపోయిందట. కొట్టిన చిప్పను ఎడమచేత్తో పొట్టకు ఆనించుకుని, కుడిచేత్తో పొట్టి కత్తిని పిడికిట్లో బిగించి, చిప్పకూ కొబ్బరికీ మధ్య గుచ్చి, మణికట్టును లోపలికి తిప్పుతూ పెల్లగిస్తాడు. నేను ఎదురు పట్టుకుని పదికి ఏడు తెప్పించిన కదలిక అచ్చం ఇదే. మామూలు రోజు 12 కాయలు, ఆదివారం 20. ఒక్కో కాయకు రెండు చిప్పలు, ఒక్కో చిప్పకు నాలుగైదు పెల్లగింపులు. అదీ చేయి వేడెక్కకముందే, తెల్లవారకముందే.

తర్వాత పెనం. పొడుగాటి ఇనప పెనం మీద ఒక్కసారికి ఆరు అట్లు. పిండి పోసి గరిటె అడుగుతో అయిదారు చుట్లు తిప్పుతాడు, మణికట్టు లోపలికి మడిచి, ముంజేయి కిందికి తిప్పి. కాలాక అట్లకాడ అంచుతో గీకి లేపి మడుస్తాడు. ఆ అట్లకాడ పిడి చిటికెన వేలంత లావు ఇనప ఊచ. సన్నటి పిడి జారకుండా పట్టడానికి వేళ్లు మరింత బిగుసుకోవాలి, అంచు మొద్దుబారితే గీకడానికి మరింత బలం కావాలి. ఇక్కడ రెండూ ఉన్నాయి. వాయికీ వాయికీ మధ్య తడిగుడ్డతో పెనం తుడిచి, ఆ గుడ్డను మెలితిప్పి పిండుతాడు. పది నిమిషాల్లో 24 అట్లు లెక్కపెట్టాను. ఆదివారం 400 దాటుతాయని వాళ్ల నాన్న కాస్త గర్వంగానే చెప్పారు. 400 అట్లంటే 2,000 పైగా చుట్లు, 400 గీకుళ్లు.

పెసరట్టు ఒకటి నా చేతిలో పెట్టారు. చాలా బాగుంది. తింటూ చూడటం ఇబ్బందిగానే అనిపించింది.

సాయంత్రం రాళ్ల దగ్గరికి వెళ్లేసరికి ఆ చేయి అప్పటికే ఒక రోజంతా పనిచేసి ఉంటుంది. సముద్రపు తేమతో గాలి బరువుగా ఉన్న వేళ చేతులు చెమటతో జారతాయి, జారుతున్న కొద్దీ అవసరానికి మించి బిగించి పడతాం. చాక్ పొడి ఎంత పూసుకున్నా పది నిమిషాలే. విశాఖ చుట్టూ కొండల్లో ఎక్కువగా ఉన్నది ఖొండలైట్ రాయి. ఎర్రటి గార్నెట్ గింజలు మెరుస్తుంటాయి, చూడటానికి అందంగా ఉంటుంది, ఎండకూ వానకూ పొరలు పొరలుగా పెళుసెక్కుతుంది. చిన్న చిన్న అంచులే పట్లు, అవి ఊడతాయేమోనన్న భయం ఒకటి. ఆ భయానికి కూడా పిడికిలి బిగుస్తుంది.

చేయాల్సిన పని ఇప్పుడు తేటపడింది, చేయించడం తేలిక కాదు. నాలుగు రోజుల తర్వాత వాళ్ల నాన్నను క్లినిక్‌కు పిలిపించాను. పెద్దాయన సూటిగా అడిగారు. "రాళ్లెక్కడం మానేస్తే పోయేదానికి ఇంత తతంగం ఎందుకమ్మా? కొట్టు మాకు అన్నం పెడుతుంది. రాయి ఏం పెడుతుంది?"

అన్యాయమైన ప్రశ్న కాదది. జవాబుగా ఆ కాగితం ఆయన ముందు పెట్టి, సున్నాల గడి చూపించి, పక్క గడి ఆయన చేతనే చదివించాను. మంగళవారాలు మూడూ వేలితో తడిమి చూసుకున్నారు. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "అయితే మంగళవారం కూడా వీడిని పెనం దగ్గర నిలబడనివ్వకూడదా?" అని అడిగారు. నేను అడగబోయింది అదే. మంగళవారం పెనం దగ్గర తను నిలబడతానని, కొడుకును గల్లా దగ్గర కూర్చోబెడతానని ఒప్పుకున్నారు. సోమవారం సెలవు, మంగళవారం గల్లా, మొత్తం వరసగా రెండు రోజులు టెండన్‌కు అట్ల నుంచి విడుదల. బరువైన పని చేసిన టెండన్ తేరుకోవడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. ఆ వ్యవధి దొరికితేగాని వ్యాయామం వల్ల ఉపయోగం ఉండదు.

కొబ్బరికి మందు వాళ్లమ్మే చెప్పారు. చిప్పను పొయ్యి మీద కాసేపు వేడిచేస్తే కొబ్బరి దానంతట అదే వదులై ఊడుతుంది. ఆమెకు ఎప్పటినుంచో తెలుసు, గ్యాసు దండగని కొట్టులో చేయనిచ్చేవారు కాదట. అట్లకాడ పిడికి పాత సైకిల్ ట్యూబు చుట్టించి క్రికెట్ బ్యాటు పిడి అంత లావు చేశాం, అంచు సాన పట్టించాం. గుడ్డను మెలితిప్పకుండా బల్లకు అదిమి నీళ్లు దింపమన్నాను. ఎడమచేత్తో అట్లు వేయడం కూడా ప్రయత్నించాడు. మొదటి అట్టు ఆంధ్రప్రదేశ్ పటంలా వచ్చింది, ఆ ప్రయోగాన్ని అక్కడితో ఆపేశాం.

ఈ మార్పులతో టెండన్ మీద బరువు తగ్గించాం. వెంటనే బరువు పెంచడం మొదలుపెట్టాం, వేరే రకంగా. వినడానికి విడ్డూరంగా ఉంటుంది, అతనికీ అలాగే అనిపించింది. పెనం దగ్గరి పని తేలిక బరువు, వేలసార్లు. పురి విడిన టెండన్‌కు కావలసింది ఎక్కువ బరువు, తక్కువసార్లు, నింపాదిగా. కుర్చీలో కూర్చుని ముంజేతిని తొడకు ఆనించి, అరచేయి పైకి పెట్టి, మోకాలు దాటిన మణికట్టుతో డంబెల్‌ను మూడు సెకన్లలో పైకి, నాలుగు సెకన్లలో కిందికి. 15 సార్లు చొప్పున మూడు విడతలు, 4 కిలోలతో మొదలు. రెండోది సుత్తితో. పిడి చివర పట్టుకుని, తలకాయ పైకి నిలబెట్టి, ముంజేతిని నెమ్మదిగా బయటికి వాల్చి మళ్లీ నిలువుకు తేవాలి. ప్రొనేటర్‌కు ఇంతకన్నా చవకైన పరికరం నాకు దొరకలేదు. రెండూ సోమ, గురువారాల్లో మాత్రమే.

మెలితిప్పే రబ్బరు కడ్డీ ఒకటి బజారులో ఉంది, నా దగ్గరా ఉంది, చాలామందికి ఇస్తాను. ఇతనికి ఇవ్వలేదు. పొద్దంతా మెలితిప్పేవాడికి సాయంత్రం ఇంకో మెలిక ఎందుకు?

నొప్పికి సూత్రం ఒకటే పెట్టాను. చేస్తున్నప్పుడు పదికి మూడు దాకా ఫరవాలేదు, మర్నాటి పొద్దుటికి అంతకుముందు ఎంత ఉండేదో అంతకు దిగాలి. దిగకపోతే తర్వాతిసారి బరువు తగ్గించాలి, మానేయకూడదు. కాగితానికి గళ్లు కూడా పెరిగాయి: అట్లు ఎన్ని, కాయలు ఎన్ని, బరువులు ఎంత, క్లైంబింగ్ ఎంత. వాళ్లమ్మ అట్ల లెక్క రాసేవారు, ఆ అంకె మీద నాకెప్పుడూ అనుమానం రాలేదు.

ఎనిమిదో వారానికి 36 కిలోలు.

అదే వారంలో చిన్న మలుపు. రాత్రిళ్లు చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కుతున్నాయన్నాడు. మోచేతిని పూర్తిగా మడిచి పట్టమంటే 40 సెకన్లకే జివ్వుమంది. మొదటి రోజు లేనిది ఇప్పుడెందుకు వచ్చిందా అని చూస్తే, మందుల షాపులో మోచేతికి కట్టే పట్టీ కొనుక్కుని, పగలు మంచిదైతే రాత్రీ మంచిదేననుకుని పడుకునేటప్పుడు కూడా బిగించి కడుతున్నాడు. పైగా చేయి మడిచి తలకింద పెట్టుకుని పడుకునే అలవాటు. పట్టీ తీయించాను. రాత్రి మోచేతి చుట్టూ తువ్వాలు వదులుగా చుట్టమన్నాను, పూర్తిగా మడవకుండా. రెండు వారాల్లో పోయింది. పోకపోయినా, వేళ్లలో పట్టు సడలినా, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండ తరిగినట్టు కనిపించినా నరాల పరీక్షకు పంపేదాన్ని.

పదో వారంలో రాయి. ఏప్రిల్ మొదటి సోమవారం, తెల్లవారుజామున. కొట్టు సెలవు, గాలి ఇంకా చల్లగా ఉంటుంది, రాయి వేడెక్కి ఉండదు. ఇంతకాలం సాయంత్రాలు ఎక్కడం కొట్టు వల్లే. నిటారుగా ఉన్న రాయి మాత్రమే, ముందుకు వాలిన రాయి వద్దు. పెద్ద పట్లు, వేళ్లు విప్పారిన పట్టు, కణుపులు విరిచి బిగించే క్రింప్ వద్దు. మోచేయి పూర్తిగా మడిచి వేలాడటం వద్దు. మొత్తం 40 నిమిషాలు. ఇంకో గుర్తు కూడా చెప్పాను. అలసట వచ్చేసరికి మోచేయి కోడిరెక్కలా పక్కకు లేస్తుంది, ఎక్కేవాడికి తెలియదు, కింద నిలబడ్డవాడికి తెలుస్తుంది. లేచిందంటే దిగిపోవాలి. అందుకని ఒంటరిగా వెళ్లవద్దన్నాను, ఆ సలహాకు వేరే కారణాలు కూడా ఉన్నాయనుకోండి.

రెండో సోమవారం నేనూ వెళ్లాను. పది నిమిషాలు చూశాక చేతులు వదిలి కాళ్లు చూడటం మొదలుపెట్టాను. కుడి బూటు బొటనవేలి దగ్గర రబ్బరు అరిగి గుడ్డ కనిపిస్తోంది. సన్నటి అంచు మీద పాదం నిలవదు, నిలవని పాదం బరువు చేతుల మీదికి వస్తుంది. ప్రతి అడుగూ వేసేముందు చేత్తో పైకి లాక్కుంటున్నాడు. కొత్త రబ్బరు వేయించాక, పాదం పెట్టి దాని మీద లేచి, ఆ తర్వాతే చేయి జరపమని చెప్పాక, అదే రాయి అతను నా కళ్లముందే తేలిగ్గా ఎక్కాడు. మూడు నెలలు డంబెల్‌తో తెచ్చిన మార్పు ఎంతో, ఆ పొద్దుట బూటు తెచ్చిన మార్పు అంతా ఉందేమో అనిపించింది. కొంచెం చిన్నబుచ్చుకున్నాను కూడా.

మే మధ్యకు 44 కిలోలు. డంబెల్ 10 కిలోలకు చేరింది, ఎనిమిదేసి సార్లు, నాలుగు విడతలు. క్రింప్‌ను కొద్దికొద్దిగా తిరిగి చేర్చాం.

జూలైలో తిరగబెట్టింది. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ. కొండ చుట్టూ 32 కిలోమీటర్లు, లక్షల మంది రాత్రంతా నడుస్తారు. దారిలో బంధువులంతా కలిసి భక్తులకు టిఫిన్లు పంచారు. రాత్రి తొమ్మిది నుంచి మూడింటి దాకా పెనం దగ్గర ఇతనే. మామూలు గరిటె, మామూలు అట్లకాడ, సైకిల్ ట్యూబు చుట్టినది ఇంట్లో ఉండిపోయింది. "అప్పన్న పని మేడమ్, కాదనలేకపోయాను" అన్నాడు. నేనైనా కాదనేదాన్ని కాదు. నొప్పి పదికి అయిదు, పిడికిలి 35 కిలోలు. జనవరిలో అయితే ఇద్దరం బెంబేలెత్తేవాళ్లం. ఈసారి ఏదీ పూర్తిగా ఆపలేదు. డంబెల్ బరువు సగానికి దించాం, ఒక్క సోమవారం రాయి మానేశాడు, పెనం దగ్గర రెండు రోజులు తమ్ముడు నిలబడ్డాడు. తొమ్మిది రోజుల్లో 43కు వచ్చింది.

ఇప్పుడు అక్టోబరు. కుడి 46, ఎడమ 48. ఆదివారం రాత్రి నొప్పి పదికి ఒకటి ఉంటుంది, కొన్ని ఆదివారాలు అదీ ఉండదు. సున్నా చేస్తానని నేను మాటివ్వలేదు, అతను అడగలేదు. డిసెంబరులో మళ్లీ హంపి అంటున్నాడు. ఆరు రోజుల్లో రెండు రోజులు విశ్రాంతి అని రాయించుకున్నాను, బయలుదేరే ముందు వారం కొబ్బరి ముట్టకూడదని వాళ్లమ్మ అంతకుముందే చెప్పేశారట. నా కేసు షీటులో వృత్తి గడి ఇప్పుడు అర పేజీ అయింది. 'చేతులతో పొద్దుటినుంచి రాత్రిదాకా ఏమేం చేస్తారు, వరసగా చెప్పండి' అని అచ్చు వేయించాను.

తర్వాతి కొలత కార్తీకం వెళ్లాక. ఆ నెల ఆదివారాలు వనభోజనాల ఆర్డర్లు ఉంటాయట, ఒక్కో ఆదివారం 600 అట్ల దాకా. ఆ నాలుగు ఆదివారాలకూ కాగితంలో వేరే గడి గీసి ఇచ్చాను. పక్కన 'పెనం దగ్గర ఎవరు' అనే గడి కూడా. మొదటి రెండింట్లో వాళ్ల నాన్న తన పేరు రాసేశారు.